మాస్టారి కంప్యూటర్‌ని పాత సామాను కింద ఎందుకు వేయాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

తెనాలిలో ఒక కాలేజీ ఎదురుగా ఇరవై ఏళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్సులు, హాల్ టికెట్లు, కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టడం, పాన్ కార్డు అప్లికేషన్లు, మధ్యలో ఎవరి కంప్యూటరైనా మొరాయిస్తే విప్పి చూడటం, ఇదీ నా పని. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పొడుగైపోతే మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి, కానీ ఆపరేటింగ్ సిస్టమ్ ఏం చేస్తుందో చెప్పిన ముక్క మాత్రం ఉంచండి, ఆ ముక్క తెలియకే మా ఊళ్లో జనం వేలకు వేలు పోగొట్టుకుంటున్నారు.

ఆమధ్య మా వీధి తెలుగు మాస్టారు ఆటోలో సీపీయూ పెట్టుకుని షాపుకి వచ్చారు. రిటైరై పదేళ్లు దాటింది ఆయన. "అబ్బాయ్, దీన్ని పాత సామాను బండికి వేస్తే ఏమైనా ఇస్తాడంటావా?" అన్నారు. ఏమైందండీ అని అడిగితే, స్క్రీన్ మీద ఏదో హెచ్చరిక పదేపదే వస్తోందని ఒక షోరూములో చూపించారట, "విండోస్ 10 అయిపోయింది మాస్టారూ, పదకొండు దీంట్లో ఎక్కదు, ఇక ఈ బాక్సు వేస్టు, నలభై ఐదు వేలకి కొత్తది ఇస్తాం, ఈఎంఐ కూడా పెట్టుకోవచ్చు" అని చెప్పి పంపారట. 2016లో కొన్న మెషీన్ అది, ఐ3 ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్), 4 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు సమాచారం పెట్టుకునే జాగా), పాతకాలం హార్డ్ డిస్క్. దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టాను. ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ వెలిగింది, ఒక్క పార్టు కూడా పోలేదు.

షోరూము వాళ్ల వ్యాపారం వాళ్లది, దాని గురించి నేనేమీ అనను. కానీ ఏళ్ల తరబడి పిల్లలకి పాఠాలు చెప్పి, ఇప్పుడు రోజూ పొద్దున్నే కూర్చుని పద్యాలకి వ్యాఖ్యానం టైపు చేసుకునే మనిషి "విండోస్ అంటే కంప్యూటరే కదయ్యా?" అని అడిగారు చూడండి, అక్కడ నాకు కలుక్కుమంది. 1998లో నేను పీజీడీసీఏ చేసినప్పుడు నాకూ ఇంతకంటే తెలియదు. ఇవాళ మా అమ్మాయి స్కూలు పుస్తకం తిరగేసినా అదే వరస, మానిటర్ బొమ్మ, కీబోర్డు బొమ్మ, పేర్లు రాయండి, ఆ తర్వాత ఏకంగా వర్డు, ఎక్సెల్. మధ్యలో పెత్తనమంతా చేసేదాన్ని ఎవరూ పిల్లలకి పరిచయం చేయరు.

కంప్యూటర్ స్విచ్ నొక్కిన క్షణాన అది వట్టి ఇనుము, ప్లాస్టిక్కు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో కూర్చున్న ప్రోగ్రాము ముందు నిద్ర లేస్తుంది, పాత మెషీన్లలో దాన్ని బయోస్ అంటాం, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. ర్యామ్ ఉందా, డిస్క్ ఉందా, కీబోర్డు పలుకుతోందా అని చూసుకుని డిస్క్‌లో ఉన్న బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. బూట్‌లోడర్ వెళ్లి కర్నెల్‌ని తెచ్చి ర్యామ్‌లో కూర్చోబెడుతుంది. అక్కడి నుంచి మీరు షట్‌డౌన్ కొట్టేదాకా అన్నిటికీ పెద్ద ఆ కర్నెలే. ఆ కర్నెలూ, దాని చుట్టూ ఉండే సరంజామా కలిపితే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అలాంటిది ఒకటి, లినక్స్ ఇంకొకటి, యాపిల్ వాళ్లది మరొకటి. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల తిరిగేది కూడా లినక్స్ కర్నెలే, "లినక్సా, అవన్నీ మాకు రావండీ" అనేవాళ్లు నా షాపులో దాన్ని జేబులో పెట్టుకునే ఆ మాట అంటారు.

మాది కాలవల ఊరు కాబట్టి మాస్టారికి కాలవ భాషలోనే చెప్పాను. ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలినప్పుడు చివరి భూముల దాకా అందాలంటే వంతులు పెట్టుకోవాలి కదా, లస్కరు వచ్చి ఈ తూము మూసి ఆ తూము ఎత్తుతాడు కదా. ప్రాసెసర్ ఆ నీళ్లు. దాని లోపల పని చేసే భాగాన్ని కోరు అంటాం, మోటుగా చెప్పాలంటే ఒక కోరు ఒక క్షణంలో ఒక పనే చేస్తుంది, మాస్టారి ఐ3లో ఉన్నవి రెండే కోర్లు, కానీ ఆయన ఒక పక్క వర్డు తెరిచి, ఒక పక్క ఘంటసాల పాట పెట్టుకుని, ఇంకో పక్క బ్రౌజర్‌లో పేపర్ చదువుతారు, ఇవి కాక ఆయనకి కనపడకుండా వెనకాల నడిచేవి వందకి పైనే ఉంటాయి. కర్నెల్ ఒక్కోదానికి కొన్ని మిల్లీసెకన్లు ఇచ్చి, టైమ్ అవగానే లాక్కుని, అది ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకుని, ఇంకోదానికి ఇస్తుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు, మన కంటికి అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ లాక్కోవడమే ముఖ్యం. విండోస్ 3.1 రోజుల్లో లాక్కునే హక్కు దానికి లేదు, ప్రోగ్రాము తనంతట తాను వదిలితేనే పక్కదానికి వంతు, ఒకటి మొండికేస్తే మొత్తం బిగుసుకుపోయేది. విండోస్ 95లో కొత్త రకం ప్రోగ్రాముల దగ్గర ఆ హక్కు వచ్చింది. యూనిక్స్ లాంటి పెద్ద మెషీన్ల సిస్టమ్‌లు 1970ల్లోనే చేసేవి ఈ పని, మన టేబుల్ మీదకి రావడానికి అంతకాలం పట్టింది.

ర్యామ్ సంగతి కూడా ఇలాంటిదే. ప్రతి ప్రోగ్రాముకీ కర్నెల్ ఒక చెక్క పొలం రాసిచ్చి చుట్టూ గట్టు వేస్తుంది. ఆ పొలం ముక్కలు మామూలుగా 4 కేబీ సైజువి, ఏ ముక్క ఎవరిదో కర్నెల్ దగ్గర లెక్క ఉంటుంది. ఎవరైనా గట్టు దాటి పక్కదాంట్లో చెయ్యి పెడితే ప్రాసెసరే పట్టుకుని కర్నెల్‌కి అప్పగిస్తుంది, కర్నెల్ ఆ ప్రోగ్రాముని అక్కడికక్కడే మూసేస్తుంది. మరి ర్యామ్ నిండిపోతే? కాసేపటి నుంచి ఎవరూ ముట్టుకోని ముక్కల్ని తీసుకెళ్లి డిస్క్‌లో దాస్తుంది, అడిగినప్పుడు మళ్లీ తెస్తుంది. మాస్టారి మెషీన్ నత్తలా నడవడానికి కారణం ఇదే. ఉన్న 4 జీబీలో సగం విండోసే తినేస్తే, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచేసరికి రోజంతా ఇలా దాచడం, తేవడమే సరిపోయేది, పైగా హార్డ్ డిస్క్ అంటే లోపల పళ్లెం తిరిగే యంత్రం, ర్యామ్ ముందు అది ఎద్దుబండి. సీపీయూ మీద ఎర్ర లైటు ఆగకుండా మిణుకు మిణుకు మంటుంటే ఆయన "ముసలిదైపోయింది నాలాగే" అనుకున్నారు.

ఫైళ్ల గురించి ఒక్క ముక్క, ఎందుకంటే ఇది పాత సామానుకి వేసేవాళ్లందరికీ పనికొస్తుంది. డిస్క్‌కి ఫోల్డర్లు, పేర్లు ఏమీ తెలియవు, దానికి తెలిసినవి నంబర్లు వేసిన గళ్లు మాత్రమే. ఏ ఫైలు ఏ గళ్లలో ఉందో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక దస్తరం రాసుకుంటుంది, మన రెవెన్యూ వాళ్ల అడంగల్ లాగా. హార్డ్ డిస్క్‌లో మీరు డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా పోయేది అడంగల్‌లో పేరే, పొలం అక్కడే ఉంటుంది, ఇంకో ఫైలు వచ్చి దాని మీద కూర్చునేదాకా తవ్వి తీసేవాళ్లు తీస్తారు. మాస్టారి డిస్క్‌లో పెన్షన్ కాగితాలు, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఉన్నాయి. అలాగే బండికి వేసి ఉంటే ఏమయ్యేదో ఆయనతో అనలేదు, ఊరికే టెన్షన్ పెట్టడం ఎందుకని. (పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదని నాతో గొడవ పెట్టుకునేవాళ్ల కోసం ఇంకొకటి: పెన్‌డ్రైవ్‌లో ఆ దస్తరం ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఒకే ఫైలు పట్టదు, ఖాళీ ఎంత ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి, ముందు అందులో ఉన్నవి వేరేచోట కాపీ చేసుకుని.)

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ప్రాసెసర్‌లోనే రెండు రకాల హోదాలు ఉంటాయి. మామూలు ప్రోగ్రాము డిస్క్‌ని గానీ ప్రింటర్‌ని గానీ నేరుగా ముట్టుకోలేదు, కర్నెల్‌ని అడిగి చేయించుకోవాలి. కర్నెల్‌కి అడ్డు లేదు, ఏ గేటైనా ఎత్తగలదు. అందుకని మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే పోతుంది, కర్నెల్ హోదాలో ఉన్నది తప్పు చేస్తే మొత్తం పోతుంది. పొలం గట్టు తెగడానికీ బ్యారేజీ గేటు ఊడడానికీ ఉన్న తేడా.

2024 జులై 19 గుర్తుందా? ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న అప్‌డేట్ పంపింది, మన టైమ్ ప్రకారం పొద్దున తొమ్మిదీ నలభై ప్రాంతంలో. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో కర్నెల్ హోదాలో కూర్చుని పనిచేస్తుంది. అప్‌డేట్‌లో తప్పు ఉండటంతో తనది కాని మెమరీ చదవబోయింది, కర్నెల్ హోదాలో ఆ తప్పు జరిగితే విండోస్‌కి ఇంక దారి లేదు, నీలం స్క్రీన్ వేసి ఆగిపోవడమే. గంటంబావులో వెనక్కి తీసుకున్నారు, అప్పటికే దాదాపు 85 లక్షల మెషీన్లు పడిపోయాయి. హైదరాబాద్‌తో సహా మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. బాగు చేయడానికి చాలాచోట్ల ఒక్కో మెషీన్ దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలు చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు నా షాపులో ఒక్క కంప్యూటరూ ఆగలేదు, ఎందుకంటే అది పెద్ద కంపెనీలు కొనుక్కునే సాఫ్ట్‌వేరు. అయినా పది మంది ఫోన్ చేసి "మా ల్యాప్‌టాప్ ఆన్ చేయొచ్చా అన్నా" అని అడిగారు.

మన తెలుగుకి కూడా ఈ కథలో ఒక వాటా ఉంది. తెరమీద అక్షరాలు గీయడం చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్ పని, యాప్ దానికి కోడ్లు అందిస్తుంది, ఏ ఒత్తు ఎక్కడ తగిలించాలో అది చూసుకుంటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ల సిస్టమ్, ఐఓఎస్ 11లో, జ్ఞా అనే అక్షరం ఒక కనపడని గుర్తుతో కలిసి ఒక ప్రత్యేకమైన వరసలో వస్తే దాన్ని గీయలేక కుప్పకూలేది. మెసేజ్ యాప్‌లో వస్తే ఆ యాప్ పోయేది, నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్ నడిపే భాగమే పడిపోయేది. ప్రపంచమంతా ఒకరికొకరు ఆ అక్షరం పంపుకుని ఆటపట్టించుకున్నారు, చివరికి 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ సరిచేసింది. ఇది చెప్తే మాస్టారు కళ్లజోడు తీసి నవ్వుతూనే ఉన్నారు, "జ్ఞానం వచ్చేసరికి ప్రాణం పోయిందన్నమాట" అని.

ఇన్ని పనులు చేసే ప్రోగ్రాములో కోట్ల వరసల కోడు ఉంటుంది, ఎంత గొప్పవాళ్లు రాసినా అందులో కన్నాలు ఉంటాయి. కన్నం దొరికినప్పుడల్లా కంపెనీ పూడ్చి పంపేదే సెక్యూరిటీ అప్‌డేట్. 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14 నుంచి మైక్రోసాఫ్ట్ ఆ పూడ్చే పని మామూలుగా ఆపేసింది. అయిపోయింది అంటే అర్థం అంతే. మర్నాడు మీ మెషీన్ ఆగిపోదు, ప్రింటు వస్తుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి. అలాగని ఏం పర్లేదు వాడేయండి అని నేను చెప్పను. 2017 మే నెలలో వన్నాక్రై అనే చెడు ప్రోగ్రాము వచ్చినప్పుడు అది దూరిన కన్నానికి మార్చిలోనే మందు వచ్చి ఉంది, వేసుకోని మెషీన్లలో అది చొరబడి ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. మందు ఉండి వేసుకోనివాళ్లకే అంత జరిగితే, మందు రావడమే ఆగిపోయిన మెషీన్‌లో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు.

మరి ఏం చేయాలి? ముందు విండోస్ 11 ఎందుకు ఎక్కడం లేదో చూడాలి. దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రత ఏర్పాటు కావాలి, చాలా మెషీన్లలో అది ఉండి కూడా బయోస్ సెట్టింగుల్లో ఆపేసి ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. ఈ ఒక్క సెట్టింగు మార్చడానికి డబ్బులు తీసుకున్నవాళ్లు నాకు తెలుసు. ప్రాసెసర్ కూడా ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి, మాస్టారిది అక్కడ ఆగింది. రెండోది, ఇళ్లలో వాడేవాళ్లకి విండోస్ 10 అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు, పేరు నమోదు చేసుకుంటే వస్తాయని మైక్రోసాఫ్టే ప్రకటించింది, సెట్టింగులని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలిపితే రూపాయి కట్టక్కర్లేదు కూడా. షోరూములో ఈ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. 2014 నుంచి ఆ కంపెనీకి పెద్దగా ఉన్నది మన హైదరాబాద్‌లో పుట్టిన మనిషి, ఆ గర్వం మనకి ఉండనే ఉంది, దాంతోపాటు ఆ హెచ్చరిక తెలుగులో నాలుగు ముక్కలు వివరంగా ఉంటే ఇంకా బాగుండేది.

మూడో దారే మేం పట్టింది. ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్), ఇంకో 4 జీబీ సెకండ్ హ్యాండ్ ర్యామ్, రెండూ కలిపి మూడు వేలు దాటలేదు. డాక్యుమెంట్లు బయటికి తీసుకుని లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేశాను. ఈ లినక్స్ 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు చదువుకుంటూ సరదాగా మొదలుపెట్టింది, కోడు అందరికీ ఇచ్చేశాడు, ఇవాళ ఇంటర్నెట్‌లో సర్వర్లు ఎక్కువ భాగం దాని మీదే నడుస్తున్నాయి, అంచేత ఫ్రీగా వచ్చింది కదా అని తీసిపారేయాల్సిన సరుకు కాదు. మాస్టారికి ముందు నచ్చింది మాత్రం వేరే, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఎక్కిస్తే అందులో పోతన, వేమన అనే పేర్లు కనపడ్డాయి. ఒకప్పుడు విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనపడాలంటే ఎక్కడో ఒక టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెట్టి, రీస్టార్ట్ చేయాలి, అదంతా చేస్తే గౌతమి ఫాంటులో కనపడేది. ఆ బాధ పడినవాళ్లకి ఈ సంతోషం అర్థమవుతుంది.

అందరికీ లినక్స్ వేసుకోమని నేను చెప్పడం లేదు, నేనే పూర్తిగా వేసుకోలేదు. నా షాపులో వేలిముద్ర మెషీన్‌కి డ్రైవర్ (ఆ సామానుతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాము) ఇచ్చింది విండోస్‌కే, ట్యాలీ వాడే కిరాణా హోల్‌సేల్ వాళ్లకి విండోసే కావాలి, అను ఫాంట్లతో పేజీలు కట్టే డీటీపీ ఆపరేటర్ల పని కూడా అంతే. డ్రైవర్ లేని సామాను ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ముందు పెట్టినా అది గుర్తుపట్టదు, మాస్టారి పాత స్కానర్ ఇప్పటికీ పలకలేదు, రెండు ఆదివారాలు కుస్తీ పట్టి వదిలేశాను. కానీ టైపు చేసుకోవడం, బ్రౌజర్, పాటలు, యూట్యూబ్, ఇంతే వాడే ఇళ్లు మా వార్డులోనే ఎన్నో ఉన్నాయి. కేరళ సర్కారు స్కూళ్లలో పిల్లలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు, అక్కడి పిల్లలకి వచ్చింది మన పిల్లలకి రాదా?

మాస్టారు మొదటి వారం రోజుకి మూడుసార్లు ఫోన్ చేశారు. మై కంప్యూటర్ ఎక్కడుందోయ్, సీ డ్రైవ్ కనపడదేంటి, నా వ్యాఖ్యానం ఎక్కడ దాచావు, ఇవే. రెండో వారం ఒకసారి చేసి, పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడికి తనే కర్నెల్ గురించి చెప్పానని, వాడికి లస్కరు అంటే ఎవరో తెలియలేదని, ముందు అది చెప్పాల్సి వచ్చిందని విసుక్కున్నారు.

నేను అడిగేది చిన్నది. మీ పేపర్‌లో వారం వారం కొత్త ఫోన్ల ధరలు, కెమెరా మెగాపిక్సెల్‌లు వేస్తారు, ఒక ఆదివారం ఆ జాగాలో ఇది వేయండి, పాత కంప్యూటర్ పారేసే ముందు ఏమేం చూసుకోవాలి, డిస్క్ ఎలా తుడవాలి, అయిపోయిందని ఎవరైనా అంటే ఏం అయిపోయిందని తిరిగి అడగాలి. రాసేవాళ్లు దొరక్కపోతే మీ విలేకరిని నా షాపుకి పంపండి, ఒక పాత మెషీన్ విప్పి అన్నీ చూపిస్తాను. మధ్యాహ్నం రెండు దాటాక రమ్మనండి, పొద్దున పూట హాల్ టికెట్ల రద్దీలో నేను ఎవరితోనూ మాట్లాడలేను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
తెనాలి